అన్‌ఇన్‌స్టాల్ తరువాత మిగిలిన రిజిస్ట్రీ కీని చేత్తో తొలగించవచ్చా?

విండోస్ 11 నుంచి ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను సెట్టింగ్స్ ద్వారా అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేసిన తరువాత కూడా, దాని కొత్త వెర్షన్‌ను ఎక్కించబోతే ‘పాత వెర్షన్ ఇంకా ఉంది, ముందు దాన్ని తొలగించండి’ అన్న సందేశంతో సెటప్ ఆగిపోతోంది. యాప్‌ల జాబితాలో మాత్రం దాని పేరు లేదు.

తయారీదారు ఇచ్చిన తొలగింపు టూల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా నడిపాను, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మిగిలిన ఫోల్డర్‌ను తీసేశాను, ఫలితం లేదు. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులను దాచుకునే డేటాబేస్) ఎడిటర్‌లో వెతికితే, హెచ్‌కీ లోకల్ మెషీన్‌లో కరెంట్ కంట్రోల్ సెట్ కింద ఉండే సర్వీసెస్‌లో ఆ సాఫ్ట్‌వేర్ డ్రైవర్ పేరుతో ఒక కీ (ఫోల్డర్ లాంటి ఎంట్రీ) కనిపించింది. ఆ డ్రైవర్ ఫైల్ డిస్కులో లేనందువల్ల కాబోలు, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ ఈవెంట్ వ్యూయర్‌లో సర్వీస్ మొదలవలేదని చెప్పే 7000 నంబరు ఎర్రర్ నమోదవుతోంది. డిస్క్ డ్రైవర్ల అప్పర్ ఫిల్టర్స్ (వాటిపైన చేరి పనిచేసే ఇతర డ్రైవర్ల జాబితా) విలువలో దాని పేరు లేదని కూడా చూసుకున్నాను.

మామూలుగా ఇలాంటి మిగులు ఎంట్రీల జోలికి వెళ్లను. అవి ఆక్రమించేది కొన్ని కిలోబైట్లే, వాటిని ఊడ్చినంత మాత్రాన వేగం పెరగదు, క్లీనర్ ప్రోగ్రాములపై నాకు నమ్మకమూ లేదు. ఇక్కడ మాత్రం పని ఆగిపోయింది కనుక, కీని ఎక్స్‌పోర్ట్ చేసి, రిస్టోర్ పాయింట్ పెట్టుకున్నాను.

ఈ కీని రిజిస్ట్రీ ఎడిటర్‌లో నేరుగా తొలగించవచ్చా, లేక కమాండ్ ప్రాంప్ట్‌లో సర్వీసుల ఎంట్రీలను తొలగించే ఎస్‌సీ డిలీట్ ఆదేశంతోనే తీసివేయాలా?