చూడ చూడ రుచుల జాడ: రుచిని చూడటమేంటి?

తిరుపతి నుంచి ప్రశ్న:
"ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు / చూడ చూడ రుచుల జాడ వేరు". వేమన పద్యం, అందరికీ నోటికి వచ్చిందే. నా సందేహమల్లా రెండో పాదం మీదే. కంటికి రెండూ ఒకటేనని మొదటి పాదంలోనే చెప్పేశాడు. తేడా పట్టించేది నాలుక. మరి మళ్లీ ‘చూడ చూడ’ ఎందుకు? చూడ, జాడ అని ప్రాసయతి (యతి స్థానంలో రెండో అక్షరం ‘డ’ కలవడం) కుదురుతుందని వేశాడా?

పలమనేరు నుంచి:
దీంట్లో పెద్ద మర్మమేం లేదు సార్. మాది మూడు భాషలు కలిసే చోటు. మనం ‘తిని చూడు’ అంటాం, తమిళం వాళ్లు ‘సాప్ట్టు పారు’ అంటారు, కన్నడం వాళ్లు ‘తిందు నోడు’ అంటారు. అన్నిట్లోనూ చూడటమే. ప్రయత్నించమని చెప్పడానికి వాడే మాట అది. వ్యాకరణంతో పోయేదానికి వేదాంతం దాకా వెళ్లొద్దు.

చిత్తూరు నుంచి:
అన్నా, ‘తిని చూడు’ వరకు మీరన్నది ఒప్పుకుంటా. అక్కడ ‘చూడు’ ఇంకో క్రియకు తోక. మరి ‘పులుసులో ఉప్పు చూడు’ అన్నప్పుడో? తోక లేదు, అదే అసలు క్రియ. వాసన చూస్తాం, ముక్కుతో. నాడి చూస్తాం, వేళ్లతో. పాడేవాళ్లు శ్రుతి చూసుకుంటారు, చెవితో. వీటిలో దేనికీ కన్ను అక్కర్లేదు.

ఇంట్లో ‘ఉప్పు చూడు’ అంటే ఉప్పగా ఉందా అని కాదు కదా అడిగేది. సరిపోయిందా అని. ఉప్పదనం నాలుక చెబుతుంది. సరిపోవడం మాత్రం నాలుకకు తెలియదు, అది మన మనసులో ఉన్న కొలత. నైవేద్యానికి వండేటప్పుడు ఎంగిలి అవుతుందని రుచి చూడరు. చెయ్యి తిరిగిన ఆవిడ పిడికిట్లో ఉప్పు తీసుకుని, గిన్నె వైపు ఓసారి చూసి, కొంచెం డబ్బాలోకి వెనక్కి రాల్చి మిగతాది వేస్తుంది. నాలుక పనిలోకి దిగకుండానే ఉప్పు చూడటం అయిపోయింది.

ఇక కప్పురం. ఇక్కడ హారతి కర్పూరం కాదు, తీర్థంలో కలిపే పచ్చకర్పూరం గుర్తు చేసుకోండి (హారతి బిళ్లలు నోట్లో వేసుకునేవి కావు, పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త). దాని పలుకులు కల్లుప్పు పక్కన పోస్తే దూరం నుంచి పోల్చుకోలేం. ఉప్పును పట్టేది నాలుకే. కప్పురం ‘రుచి’ మాత్రం చాలావరకు వాసన, నోటి వెనక నుంచి ముక్కులోకి ఎక్కేది. జలుబు చేసినరోజు తీర్థం పుచ్చుకోండి, దాదాపు ఉత్త నీళ్లలాగే ఉంటుంది. నాలుక తెచ్చిందీ ముక్కు తెచ్చిందీ కలిపి ‘ఇదీ రుచి’ అని తేల్చేది మెదడు. మనకేమో అంతా నోట్లోనే జరిగినట్టు ఉంటుంది. ‘రుచుల జాడ’ అన్న మాట నాకు అందుకే నచ్చుతుంది. జాడ అంటే ఆనవాలు, దాన్ని పట్టుకుని పోవాలి. పోలిక కంటికి ఊరికే దొరుకుతుంది.

తిరుపతి నుంచి:
మరి రెండుసార్లు ఎందుకు? ఒక్క ‘చూడ’ చాలదా?

చిత్తూరు నుంచి:
‘చూడగా చూడగా’ అని. వేమనే ఇంకోచోట "తినగ తినగ వేము తీయనుండు" అన్నాడు కదా. వేపాకు మారదు, తినేవాడు మారతాడు. ఇక్కడా అంతే, ఒక్క చూపుతో తేలే పని కాదు. మూడో పాదంలో పురుషుల్లో పుణ్యపురుషులు వేరు అంటున్నాడు. మనిషిని నాకి చూడలేం కాబట్టి ఈ ‘చూడ చూడ’ అసలు అవసరం అక్కడే. ప్రాసయతి కుదిరిందంటే, అది వేమన చేతి నేర్పు.

పలమనేరు నుంచి:
‘ఉప్పు చూడు’ దగ్గర ఒప్పుకున్నా. అయినా తమిళంలోనూ కన్నడంలోనూ ‘రుచి చూడటం’ ఉంది. ఇదేదో తెలుగు గొప్ప అని మాత్రం రాయకండి.

చిత్తూరు నుంచి:
రాయను. మూడు భాషల వంటిళ్లకూ ఒకే తెలివి ఉందనుకుందాం.

పలమనేరు నుంచి:
అది బాగుంది. సరే, మా వీధిలో రోజూ వినపడే ‘నీ అంతు చూస్తా’లో ఏ ఇంద్రియం పనిచేస్తుందో కూడా చెప్పండి, వింటాం.