గినీ పందులు కొరకడానికి ఏ చెట్టు కొమ్మ మంచిది?

జామనీడ (మల్కాజ్‌గిరి)

మా ఇంట్లో రెండు గినీ పందులు ఉన్నాయి. గత నెలలో వాటిలో చిన్నది ఎండుగడ్డి మానేసి మెత్తని దోసకాయ ముక్కలు మాత్రమే తినసాగింది, గడ్డం కింద ఎప్పుడూ తడిగా ఉండేది. వైద్యుడికి చూపిస్తే, ముందు పళ్లు పెరిగిపోయి ఒకదానికొకటి ఆనడం లేదని చెప్పి, చిన్న మరతో అరగదీశారు. కొరికి పళ్లు అరగదీసుకోవడానికని దుకాణంలో కొన్న రంగు చెక్క బొమ్మలు ఉన్నాయి గానీ, ముక్కల మధ్య జిగురు కనిపించడంతో వాటిని తీసేశాను. మా అపార్టుమెంటు ఆవరణలో తోటమాలి కత్తిరించిన జామ, కానుగ, గన్నేరు కొమ్మలు కుప్పగా పడి ఉన్నాయి. వాటిలో జామను ఏరి ఇవ్వవచ్చా? మనం వేప పుల్లతో పళ్లు తోముకుంటాం కాబట్టి వేప కూడా మంచిదేనని మా అత్తయ్య అంటున్నారు.

కృష్ణాతీరం (విజయవాడ)

దయచేసి ఆ కుప్ప నుంచి ఏదీ తీసుకోకండి. జామ మంచిదే, నేను ఆరేళ్లుగా అదే ఇస్తున్నాను. కానీ గన్నేరు చెట్టులో ఆకు, బెరడు, పాలు అన్నీ గుండెకు చేటు చేసే విషమే, పైగా ఎండినా ఆ విషం పోదు. ఆకు రాలిన పుల్లల్లో ఏది జామో, ఏది గన్నేరో ఖాయంగా చెప్పలేనప్పుడు కిలో బరువైనా లేని ప్రాణితో ప్రయోగం చేయకూడదు. కొమ్మను చెట్టు మీద ఉండగానే, ఆకును చూసి గుర్తుపట్టి కోయాలి. పచ్చగన్నేరు, జిల్లేడు, ఆముదం, ఉమ్మెత్త, జీడిమామిడి దరిదాపులకు పోవద్దు. వేప సంగతికి వస్తే, మనం నమిలి ఉమ్మేస్తాం, అవి కొరికినదాంట్లో కొంత మింగుతాయి. జామ దొరికే చోట ఆ చేదు చెట్టుతో పని ఏముందండి?

జామ కొమ్మలకు తెల్లని పిండినల్లి పట్టి ఉంటుంది. బొటనవేలంత లావు కొమ్మను జానెడు ముక్కలుగా కోసి, సబ్బు లేకుండా బ్రష్షుతో రుద్ది కడిగి, మరిగే నీటిలో కొద్దిసేపు ఉంచి, లోపలి తడి కూడా పోయేదాకా ఎండలో ఆరబెట్టాలి. సరిగా ఆరకపోతే బూజు పడుతుంది. బెరడు మాత్రం తీయకండి, అవి ముందుగా ఒలుచుకునేది దాన్నే.

పట్టుతోట (హిందూపురం)

మాది పట్టుపురుగులు పెంచే కుటుంబం కాబట్టి, జామలాగే కొరకడానికి ఇవ్వదగిన మల్బరీ గురించి చెబుతాను. మందు చల్లిన ఆకు తిన్న పురుగు చనిపోతుంది, అందుకే ఈ తోటల్లో మందు వాడకం విషయంలో రైతు చాలా జాగ్రత్తగా ఉంటాడు. అయినా ఆకుముడత వంటివి వచ్చినప్పుడు కొందరు కొడతారు, కొట్టాక కొన్ని రోజులు ఆగి గానీ ఆకు కోయరు. కాబట్టి కొమ్మ అడిగేటప్పుడు చివరిసారి మందు ఎప్పుడు కొట్టారో కూడా అడగండి, ఏ రైతయినా దాచకుండా చెబుతాడు. ఒక్క జాగ్రత్త: షెడ్డులో పురుగులు ఆకు తినేశాక మిగిలే పుల్లలు ఉచితంగా, మోపులకొద్దీ దొరుకుతాయి గానీ, పడకల మీద సున్నం, మందు పొడి చల్లుతాం కాబట్టి అవి పనికిరావు. తోటలో అప్పుడే కత్తిరించినవే తీసుకోండి.

జామనీడ (మల్కాజ్‌గిరి)

ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. కుప్పను ముట్టుకోలేదు. వడ్రంగి పని జరిగినప్పుడు మిగిలిన చెక్క ముక్కలు కూడా ఉన్నాయి, అవీ వద్దా?

కృష్ణాతీరం (విజయవాడ)

వద్దండి. ప్లైవుడ్డులో జిగురు ఉంటుంది, కలపకు చెదల మందు పట్టించారో లేదో చూసి చెప్పలేము. దేవదారు పొట్టును పరుపుగా కూడా వేయకండి, ఆ సువాసన ఇచ్చే నూనెలే వాటి ఊపిరితిత్తులకు చెరుపు చేస్తాయి.

మంచుదేశం (న్యూజెర్సీ)

ఇక్కడ మా పాప పెంచుకునే, చిట్టెలుక లాంటి హామ్‌స్టర్‌కు ఆపిల్ కొమ్మలు ఇస్తున్నాము. పండ్ల తోటల్లో మందులు ఎక్కువగా చల్లుతారని, ఏ మందూ వాడని పొరుగింటి పెరటి చెట్టు నుంచి తెచ్చుకుంటాము. ఈ ప్రాంతంలో అడవి చెర్రీ విరివిగా పెరుగుతుంది, దాని లేత కొమ్మల్లో సయనైడు పుట్టించే పదార్థం ఉంటుంది. చలికాలంలో ఆకులు లేనప్పుడు పోల్చుకోవడం కష్టం కనుక మేము వేసవిలోనే కోసి ఎండబెట్టి దాచుకుంటాము. హామ్‌స్టర్‌కు పెరిగేవి ముందు పళ్లు మాత్రమే. గినీ పందికి దవడ పళ్లు కూడా జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వాటిని అరగదీసేది ఎండుగడ్డే గాని కొమ్మ కాదు. కొమ్మ ఇస్తున్నామని గడ్డి తగ్గించకండి.

జామనీడ (మల్కాజ్‌గిరి)

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఘట్‌కేసర్‌లో మా పిన్ని గారి పెరటి జామచెట్టు నుంచి నా చేతులతోనే కోసి తెచ్చి, మీరు చెప్పినట్లే కడిగి ఆరబెట్టాను. చిన్నది మొదటి రెండు రోజులు వాసన చూసి వదిలేసింది, మూడో రాత్రి బెరడంతా ఒలిచేసింది. వంటింటి తూకంలో ప్రతి ఆదివారం తూస్తున్నాను: 720 గ్రాములకు పడిపోయినది ఇప్పుడు 790కి వచ్చింది, గడ్డి మళ్లీ తింటోంది. పళ్లు ఎలా ఉన్నాయో చూడడానికి వైద్యుడు వచ్చే నెల మళ్లీ రమ్మన్నారు. పట్టుతోట గారూ, మా తమ్ముడు పెనుకొండ వైపు వస్తున్నాడు, మీకు వీలైతే ఒక చిన్న కట్ట మల్బరీ ఇప్పించగలరా?