ఉగాది వేడుక: ఇంగ్లీషు కబుర్ల బల్లకు వాలంటీర్లు కావాలి

సమన్వయకర్త: మెల్‌బోర్న్ బాక్స్ హిల్‌లో జరిపే మన ఉగాదికి ఈసారి చుట్టుపక్కల చైనీస్ కుటుంబాలనూ పిలుస్తున్నాం కదా. మనవల కోసం వచ్చి ఉంటున్న పెద్దవాళ్లు అటూ ఉన్నారు, ఇటూ ఉన్నారు. పచ్చడి పంచాక, భోజనాలకు ముందు ఒక అరగంట ఇంగ్లీషులో కబుర్లు చెప్పుకునే బల్ల వేద్దాం. మొదటి పాఠం మై, మైన్, హిజ్, హర్స్. ఎవరు నడుపుతారు?

బోధన బృందం: నేను నడుపుతాను. చైనీస్ పెద్దవాళ్లకు చిక్కు ఎక్కడో ముందు తెలిస్తే మనవాళ్లు విసుక్కోకుండా ఉంటారు. మాండరిన్ అనే చైనీస్ భాషలో "వో ద" ఒక్కటే ఉంది. నా పుస్తకం అనాలన్నా, ఈ పుస్తకం నాది అనాలన్నా అదే సరిపోతుంది. అందుకే "మైన్ బుక్" అనో, "దిస్ ఈజ్ మై" అనో వస్తుంది. నా, నాది అనే తేడా మనకు చిన్నప్పటి నుంచీ నాలుక మీదే ఉంది కాబట్టి ఈ ఒక్కచోట మనం అదృష్టవంతులం. అన్నట్టు, నీది అనడానికి వాళ్ల మాట "నీ ద". చుట్టరికం ఏమీ లేదు, కాకతాళీయమే. మన అమ్మమ్మలకు చెప్పండి, మాట కలపడానికి పనికొస్తుంది.

అసలు తంటా హిజ్, హర్స్ దగ్గర. అతనిది, ఆమెది, దానిది మూడింటినీ మాండరిన్‌లో "థా ద" అనే పలుకుతారు. రాసేటప్పుడు అక్షరాలు వేరు, చెవికి మాత్రం ఒక్కటే. కాంటొనీస్ అనే మరో చైనీస్ భాషలోనూ అతను, ఆమె రెండింటికీ ఒకే మాట. భార్య సంచిని చూపించి "హిజ్ బ్యాగ్" అన్నారంటే నియమం తెలియక కాదు, మాట్లాడే తొందరలో జారిపోయింది. నవ్వకండి.

ముద్రణ బృందం: సర్వనామాల పట్టిక రంగుల్లో వేయించి తెస్తాను.

బోధన బృందం: వద్దండి. ఇబ్బంది నోటితో, కాగితంతో కాదు. గుమ్మం దగ్గరి చెప్పులు కొన్ని జతలు తెచ్చి కలిపేద్దాం. ఒకరు "హూజ్ ఆర్ దీజ్?" అని అడగాలి, ఇంకొకరు మనిషిని చూపించి "దే ఆర్ హర్స్" అనాలి. మనవాళ్లకూ ఒక మాట: నాది, నావి అని మనం మారుస్తాం కానీ, ఎన్ని జతలున్నా మైన్ మైనే. "మైన్స్" అనకండి.

భోజనాల బృందం: చెప్పులు పట్టుకున్న చేతులతో పులిహోర దగ్గరికి ఎవరూ రావద్దు!

బోధన బృందం: దీన్నీ పాఠంలో కలుపుతాను. "చేతులు కడుక్కున్నాను" అనేటప్పుడు ఎవరి చేతులో మనం చెప్పం, వాళ్లూ చెప్పరు. ఇంగ్లీషుకు మాత్రం "మై హ్యాండ్స్" అనాల్సిందే.

సమన్వయకర్త: చెప్పులు వద్దు. గొడుగులు, టోపీలు, కళ్లజోళ్లు చాలు. ఒకే రకంవి ఉంటే మరీ మంచిది. ఎవరు ఏవి తెస్తున్నారో ఇక్కడే రాయండి.

అలంకరణ బృందం: మా ఇంట్లో నల్ల గొడుగులు మూడున్నాయి, తెస్తాను. వాటిలో ఏది ఎవరిదని మాత్రం అడగకండి, మా ఇంట్లో రోజూ జరిగే తగువు అదే.