యూకేజీ బాబుకి రోజూ నాలుగు పేజీల రాత, ఇది అవసరమేనా?

బుజ్జిగాడి అమ్మ:
మా బాబుకి అయిదేళ్లు నిండి రెండు నెలలైంది. ప్రైవేటు స్కూల్లో యూకేజీ. రోజూ హోంవర్క్ ఏంటంటే క గుణింతం ఒక పేజీ, ఇంగ్లీషు కర్సివ్ రెండు పేజీలు, 1 నుంచి 100 దాకా అంకెలు ఇంకో పేజీ. ఏడున్నరకి కూర్చుంటే తొమ్మిదవుతుంది, మధ్యలో ఏడుపు. నిన్న చెయ్యి నొప్పెడుతోందని పెన్సిల్ ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. నాకు కడుపు తరుక్కుపోయింది. మేడమ్‌ని అడిగితే, ఇప్పుడు రాయకపోతే ఒకటో తరగతిలో వెనకబడతాడంటున్నారు. మావారిదీ అదే మాట. మీరేమంటారు?

ఇద్దరు పిల్లల నాన్న:
మేడమ్ చెప్పింది నిజమేనండి. మా పెద్దదానికి యూకేజీలో రాత అలవాటు చేయలేదు. ఒకటో తరగతిలో బోర్డు మీద ఆరు లైన్లు రాసేవారు, ఇది రెండు లైన్లు రాసేలోపు చెరిపేసేవారు. ఆ ఏడాదంతా బడి అంటేనే భయపడింది. అందుకే చిన్నవాడితో ముందే రాయిస్తున్నాం. స్కూళ్లు మారనప్పుడు మన పిల్లల్ని మనమే సిద్ధం చేసుకోవాలి కదా.

పలక బలపం (ఒకటో తరగతి టీచర్‌ని):
పదమూడేళ్లుగా ఒకటో తరగతికే చెబుతున్నాను. గుణింతాలన్నీ రాసేసి నా దగ్గరికొచ్చిన పిల్లల్లో చాలామంది 'పడవ' అన్న మాట చూపిస్తే చదవలేరు. వాళ్లకి వచ్చింది వరస మాత్రమే, అక్షరం రాలేదు. నేను త, ల, వ, ప, డ లాంటి కొన్నింటితో మొదలుపెట్టి తల, వల, పడవ అని మాటలు కట్టిస్తాను, చదవడం వచ్చాక రాత దానంతటదే వస్తుంది. అయిదేళ్ల పిల్లల మణికట్టులో ఎముకలు కొన్ని ఇంకా గట్టిపడి ఉండవు, వేళ్లకి పట్టు చాలదు. చపాతీ పిండి పిసకనివ్వండి, చిక్కుడుకాయలు ఒలవనివ్వండి, చింతగింజలు ఏరించండి, ముగ్గు చుక్కలు కలపనివ్వండి. అక్షరాభ్యాసం రోజు బాబు వేలు పట్టుకుని బియ్యంలోనే కదా రాయించారు! అదే ఇంకొన్నాళ్లు సాగనివ్వండి.

ఇంకోటి. రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దని 2018లోనే కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది, 2020 స్కూల్ బ్యాగ్ విధానంలోనూ అదే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే దశగా పెట్టింది. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు వచ్చేలా కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యం చూసినా, అర్థం చేసుకుంటూ చదవడం మూడో తరగతి పూర్తయ్యేసరికి రావాలంటుంది. అయిదేళ్లకే వంద దాకా రాయించే తొందర ఎవరిది?

ఇద్దరు పిల్లల నాన్న:
కాగితం మీద బాగానే ఉంటుంది టీచర్ గారూ. వేరే స్కూల్లో ఒకటో తరగతి సీటుకి వెళ్తే అక్కడ టెస్ట్ పెట్టి పేజీ రాయమంటున్నారు. అప్పుడేం చేయాలి?

పలక బలపం:
అలా టెస్ట్ పెట్టడమే తప్పండి. విద్యా హక్కు చట్టం 2009లో 13వ సెక్షన్ దాన్ని నిషేధించింది, మొదటిసారి 25,000 రూపాయల దాకా, తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా ఉంది. మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. కానీ మీ పాప విషయంలో మీరన్నది నన్ను బాధపెట్టింది. ఆ ఆరు లైన్లు అంత త్వరగా చెరిపేసిన టీచర్‌ది తప్పు, పాపది కాదు, మీదీ కాదు.

ఇద్దరు పిల్లల నాన్న:
ఫిర్యాదు చేస్తే ఆ స్కూల్లో మా వాణ్ని ఎలా చూస్తారోనని భయం. ఒక్కణ్నే వెళ్లలేను, నలుగురు తల్లిదండ్రులు కలిస్తే వస్తాను.

బుజ్జిగాడి అమ్మ:
ఇవన్నీ మావారికి చదివి వినిపించాను. ముందు కర్సివ్ ఆపమని అడుగుదామన్నారు, శనివారం పేరెంట్స్ మీటింగ్‌కి ఇద్దరం వెళ్తున్నాం. ఇవాళ నోట్‌బుక్ తీయలేదు. పళ్లెంలో బియ్యం పోసిస్తే 'ప' రాసి, చెరిపి, 'ఇది పడవలో ప' అన్నాడు.