లెక్కల పీరియడ్‌లో తాళం వేయించడం: పనికొచ్చేదా, కాలక్షేపమా?

గంజాం తెలుగు
సంగతి ఇదీ. బరంపురం వైపు ఒక తెలుగు మాధ్యమం బడిలో ఆరో తరగతికి లెక్కలు చెప్పే టీచరే సాయంత్రం కూచిపూడి నేర్పుతారు. ఆవిడకి రెండూ ప్రాణం. ఇప్పుడు భిన్నాల పాఠం తాళంతోనే చెబుతానంటున్నారు. "పరీక్షలో తకధిమి రాస్తే మార్కులేస్తారా" అని కొందరు తల్లిదండ్రులు. 2020 జాతీయ విద్యా విధానమే కళలతో కలిపి పాఠం చెప్పమంది కదా అని ఇంకొందరు. లెక్కలు, నాట్యం, రెండిట్లో దేనితోనైనా పరిచయమున్నవాళ్లు చెప్పండి.

పర్లాకిమిడి లెక్కలు
పనికొస్తుంది. కాకపోతే తాళంతో లెక్క చెప్పేవాళ్లు తరచూ రెండు వేర్వేరు విషయాల్ని కలిపేస్తారు.

మొదటిది, అక్షరాల వేగం అందరికీ ఒకటే. ఒక జట్టు తకిట (మూడక్షరాలు), ఇంకో జట్టు తకధిమి (నాలుగు) ఆపకుండా పలకాలి. ఎవరి 'త' దగ్గర వాళ్లు చప్పట్లు కొట్టాలి. తకిట జట్టుకి 1, 4, 7, 10 దగ్గర. తకధిమి జట్టుకి 1, 5, 9 దగ్గర. మళ్లీ రెండూ కలిసేది 13 దగ్గర, అంటే 12 అక్షరాలకోసారి. ఇది క.సా.గు., కనిష్ఠ సామాన్య గుణిజం. (ఒడియా పుస్తకాల్లో ల.సా.గు. అంటారు. రెండు పేర్లూ బోర్డు మీద రాయాలి, మన సరిహద్దు పిల్లలకి ఆ తిప్పలు తప్పవు.)

రెండోది, తాళం దెబ్బ అందరికీ ఒకటే. ఒకే దెబ్బలో ఒకళ్లు తకిట, ఒకళ్లు తకధిమి ఇమడ్చాలి. ఇక్కడ 'త'లు ప్రతి దెబ్బకీ కలుస్తాయి. ఒక్కో అక్షరం దెబ్బలో 1/3, లేదా 1/4. ఇది భిన్నం.

రెండూ ఒకే రోజు చేయిస్తే పిల్లలకి 12 ఎక్కణ్ణుంచి వచ్చిందో అంతుపట్టదు; 1/3 + 1/4 = 2/7 అని రాసి ఊరుకుంటారు. మధ్యన వారమైనా ఉండాలి. రెండోది అయిన వెంటనే గళ్ల పుస్తకంలో 12 గళ్ల వరస గీయించండి. తకిటకి నాలుగు గళ్లకో అక్షరం, తకధిమికి మూడు గళ్లకో అక్షరం. ఒక 'త' నాలుగు గళ్లు, ఇంకో 'త' మూడు గళ్లు, మొత్తం 7/12. ఈ గళ్ల పని ఎగ్గొడితే తాళం చేతిలోనే ఉండిపోతుంది, కాగితం మీదికి దిగదు.

అరమండి
మేష్టారూ, లెక్క సంగతి ఒప్పుకుంటాను. నాట్యం సంగతి ఎవరూ అడగరేం? మీరన్న రెండోది చెప్పినంత తేలిక కాదు. అక్షరాలు పెరిగేసరికి దెబ్బ కూడా పరిగెడుతుంది. ఆదితాళం మూడో కాలంలో, అంటే దెబ్బకి నాలుగక్షరాల వేగంలో, ఎనిమిది దెబ్బలకి 32 అక్షరాలు. పలికేదీ తాళం వేసేదీ ఒకే పిల్లయితే సగం ఆవృతానికే (ఆవృతమంటే తాళం ఒక చుట్టు) తొందర మొదలు. తాళం వేరే మనిషి పట్టాలి, లేదా ఫోన్లో మెట్రోనోమ్ నిమిషానికి 60 దగ్గర పెట్టుకోవాలి.

ఇంకో ముచ్చట ఈమధ్య వింటున్నాను, అరమండిలో (మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టుండే భంగిమ) మోకాళ్ల కోణం కొలిపించడం. దయచేసి వద్దు. తుంటి ఎంత తిరుగుతుందనేది పిల్లపిల్లకీ వేరు. కోణం కోసమని పాదాలు మాత్రం పక్కకి తిప్పేస్తే మోకాలు పాదం వరసలో నిలవదు, లోపలికి వాలుతుంది. బరువంతా మోకాలి లోపలి వైపు పడుతుంది. గచ్చు నేల మీద గెంతితే మరీను. కోణాలు నేర్పడానికి జామెట్రీ బాక్సు ఉంది కదా.

అసలు భయం వేరే. లెక్కల చేతిలో పడితే నాట్యమంటే జతులే (తాళానికి పలికి ఆడే అక్షరాల వరసలు) అనుకుంటారు పిల్లలు. అభినయాన్ని ఏ గళ్లలో పెడతారు?

రాయగడ నాన్న
అదంతా సరే మేష్టారూ, సిలబస్‌లో దీంతో ఎంత దూరం వెళ్లొచ్చు? రుణ సంఖ్యలకి కూడా తాళమేనా?

పర్లాకిమిడి లెక్కలు
లేదు బాబూ. రుణ సంఖ్యలకి రాదు, భిన్నాన్ని భిన్నంతో భాగించడానికీ రాదు. అక్కడ సుద్దముక్కే. అభినయం మాట నిజమే అరమండి గారూ, అది సాయంత్రం క్లాసుకే ఉండనివ్వండి.

కానీ చరరాశికి మాత్రం ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. తాళాల్లో లఘువు, ద్రుతం అని భాగాలుంటాయి. లఘువు విలువ (ఎన్ని దెబ్బలో) జాతిని బట్టి 3, 4, 5, 7, 9 అవుతుంది. ద్రుతం ఎప్పుడూ 2. లఘువుని 'ల' అనుకుంటే త్రిపుట తాళం ల + 4, అట 2ల + 4, ధ్రువ 3ల + 2. ల = 4 పెడితే త్రిపుట 8, అదే ఆదితాళం. ఖండ జాతి (ల = 5) అట 14, చతురశ్ర జాతి (ల = 4) ధ్రువ కూడా 14. ఎందుకు కలిశాయో పిల్లల్నే తేల్చమనండి. మూడోసారికి 'ల' అంటే అక్షరం కాదు, మారే అంకె అని వాళ్లకే తడుతుంది.

గుణుపురం
తీర్మానం (జతిని ముగించే ముక్తాయింపు) కూడా కలపండి. ఒకే ముక్క మూడుసార్లు, మధ్యలో రెండు విరామాలు: 3ము + 2వి = 32, అరమండి గారన్న మూడో కాలపు ఆదితాళం ఒక ఆవృతం. విరామం లేకుండా కుదరదు, 32 మూడుతో పోదు. వి = 1 అయితే ముక్క 10 (తదిగిణతొం రెండుసార్లు), వి = 4 అయితే 8, వి = 7 అయితే 6. వి = 2, 3 పెట్టి చూస్తే మిగులు తేలుతుంది.

అరమండి
ముక్క పూర్తయ్యాక సమం (ఆవృతం మొదటి దెబ్బ) కొట్టే పద్ధతికైతే 32 సరే. చివరి అక్షరమే సమం మీద పడాలంటే మాత్రం 33 కావాలి, సమం తర్వాతి ఆవృతంలో మొదటి అక్షరం కదా. కథక్‌లో మూడుసార్లు చెప్పి ముగించే తిహాయి ఇలాంటిదే. అప్పుడు విరామం 0 అయితే ముక్క 11, 3 అయితే 9, 6 అయితే 7 (తక తదిగిణతొం).

గుణుపురం
నిజమే, ఆ ఒక్క అక్షరం మరిచాను. 32 లెక్కేసి సమం మీద దిగాలని చూస్తే ఒకటి ముందే అయిపోతుంది.

అరమండి
ఆ తేడా పిల్లల్నే పట్టుకోనివ్వండి, ముందుగా చెప్పకండి. విరామంలో ఆగాల్సింది నోరు, చెయ్యి కాదు. చాలామంది రెండూ ఆపేసి, లెక్క తప్పని వెతుక్కుంటారు.