నెక్సాన్ ఏఎంటీ తీసుకోవాలా, బ్రెజా ఆటోమేటిక్ తీసుకోవాలా? కూకట్‌పల్లి ట్రాఫిక్, నెలకోసారి కోదాడ

కోదాడవాసి:
అందరికీ నమస్కారం. రెండు నెలలుగా ఇంట్లో ఇదే చర్చ, ఎటూ తేలడం లేదు. మేముండేది కూకట్‌పల్లి, ఆఫీసు గచ్చిబౌలి, రానూపోనూ రోజుకి 28 కిలోమీటర్ల దాకా అవుతుంది. నెలకోసారి అమ్మానాన్నల దగ్గరికి కోదాడ వెళ్లి వస్తాం, అదో 350. అంటే మొత్తం నెలకి వెయ్యి కిలోమీటర్ల లోపే. ఇప్పుడున్నది పాత మాన్యువల్ హ్యాచ్‌బ్యాక్. సాయంత్రం హైటెక్ సిటీ నుంచి జేఎన్‌టీయూ దాకా క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు లాగేస్తోంది. మా ఆవిడ కూడా నడుపుతుంది, కాబట్టి ఈసారి ఆటోమేటిక్కే అని తేల్చుకున్నాం.

బడ్జెట్ ఆన్‌రోడ్ 13 లక్షలు, లాగితే ఇంకో అరలక్ష. ఆ లెక్కలో నాకు మిగిలినవి రెండు: టాటా నెక్సాన్ పెట్రోల్ ఏఎంటీ, మారుతి బ్రెజా వీఎక్స్ఐ ఆటోమేటిక్. నెక్సాన్‌లో డీసీఏ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ బాగుంటుందంటున్నారు గానీ ఆ వేరియంట్లు మాకు కాస్త అందడం లేదు. నాన్నగారు "పాప ఉంది, ఫైవ్ స్టార్ ఉన్నదే తీసుకో" అంటారు. బావమరిది "మారుతి అయితే ఊళ్లో కూడా మెకానిక్ దొరుకుతాడు" అంటాడు. యూట్యూబ్ వీడియోలు చూసి చూసి ఇంకా గందరగోళమైంది. ఇంకో మాట, చిన్న కార్లకి జీఎస్టీ తగ్గిందన్నారు కదా, రెండింటికీ ఒకేలా తగ్గలేదెందుకు? నడిపిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

లెక్కలమాస్టారు:
ముందు జీఎస్టీ సంగతి చెప్తాను, చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. నాలుగు మీటర్ల లోపు పొడవు ఉంటే సరిపోదండి, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ లోపు ఉండాలి, డీజిల్ అయితే 1500 లోపు. నెక్సాన్ పెట్రోల్ 1199 సీసీ, అందుకని 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి 29 ఉండేది. బ్రెజా పొడవు కూడా అంతే, కానీ ఇంజిన్ 1462 సీసీ, కాబట్టి అది 40 శాతంలో పడింది. ముందు 45 ఉండేది కనుక దానికీ తగ్గింది, కాకపోతే ఐదే. మీరు బ్రెజాకి ఇస్తున్న డబ్బులో పన్ను వాటా ఎక్కువ, అందుకే అదే ధరకి నెక్సాన్‌లో పై వేరియంట్ వస్తోంది.

ఇంకోటి, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ శ్లాబుల ప్రకారం ఉంటుంది. కారు ధర 10 లక్షలు దాటిందంటే పై శ్లాబు, అది మొత్తం ధర మీద పడుతుంది. 10 లక్షలకి అటూ ఇటూ ఉన్న వేరియంట్లయితే రెండింటికీ ఆన్‌రోడ్ కొటేషన్ కాగితం మీద రాయించుకోండి, షోరూమ్ ధర చూసి పోల్చొద్దు. హ్యాండ్లింగ్ చార్జీలని రాస్తే తీసేయమనండి. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే చేయించాలన్న రూలేమీ లేదు. మా ఇంటి కారుకి బయట అడిగితే అదే కవరేజీకి పద్దెనిమిది వేలు తేడా వచ్చింది.

హైవే65:
తమ్ముడూ, నేను వారానికోసారి విజయవాడ రోడ్డు మీద తిరిగేవాణ్ణి. మీకు అసలు తేడా బ్రాండ్‌లో లేదు, గేర్‌బాక్స్‌లో ఉంది. ఏఎంటీ అంటే లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, మీ కాలికి బదులు ఒక యంత్రం క్లచ్ నొక్కుతుంది, గేరు మారుస్తుంది. అందుకే ఒకటి నుంచి రెండుకి మారేటప్పుడు తల ముందుకి ఊగినట్టు ఉంటుంది. గేరు మారే క్షణంలో యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం వదిలితే చాలావరకు సర్దుకుంటుంది, నెల రోజుల్లో అలవాటవుతుంది. కానీ ఎత్తు మీద ఆగినప్పుడు బ్రేకు వాడకుండా యాక్సిలరేటర్‌తో బండిని పట్టి ఉంచే అలవాటు ఎవరికైనా ఉంటే మాత్రం క్లచ్ ప్లేట్ తొందరగా అరుగుతుంది. బ్రెజాలో ఉన్నది టార్క్ కన్వర్టర్, ఆరు గేర్లది. అందులో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య శక్తిని ఆయిల్ అందిస్తుంది, బ్రేకు వదలగానే బండి మెత్తగా పాకుతుంది. నత్తనడక ట్రాఫిక్‌లో దీని సుఖం వేరు, నిజంగా.

ఇక హైవే మీద లెక్క తిరగబడుతుంది. నెక్సాన్ టర్బో పవర్ 120 పీఎస్, టార్క్ అంటే లాగే బలం 170 న్యూటన్ మీటర్లు, అదీ 1750 ఆర్‌పీఎం నుంచే దొరుకుతుంది. బ్రెజా 103 పీఎస్, 137 టార్క్, అది పూర్తిగా అందాలంటే 4400 దాకా తిప్పాలి. సూర్యాపేట దాటాక లారీని ఓవర్‌టేక్ చేయాలంటే బ్రెజాలో కాస్త ముందే అనుకుని తొక్కాలి, ఇంజిన్ అరుస్తుంది గానీ వెళ్తుంది. అలాగని నాలుగు సిలిండర్ల ఇంజిన్ కాబట్టి మామూలు వేగంలో బ్రెజా నున్నగా ఉంటుంది, నెక్సాన్ మూడు సిలిండర్లది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆ సన్నటి అదురు తెలుస్తుంది. ఐదుగురితో, సామానుతో ఈగలపెంట దాటి శ్రీశైలం డ్యామ్ మలుపులు ఎక్కేవాళ్లకైతే నేను టర్బోనే చెప్తాను. మీది కోదాడ, రోడ్డంతా తిన్నగా ఉంటుంది.

పిల్లలతల్లి:
నాన్నగారి మాట తేలిగ్గా తీసుకోకండి. నెక్సాన్‌కి 2018లో కార్లని గుద్ది పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 5 స్టార్లు ఇచ్చింది, నిబంధనలు కఠినం చేశాక 2024లో మళ్లీ పెద్దవాళ్లకీ పిల్లలకీ ఐదేసి వచ్చాయి. బ్రెజాకి 4 స్టార్లని చెప్పుకునేది 2018లో పరీక్షించిన పాత విటారా బ్రెజాది, ఇప్పుడు అమ్ముతున్నది 2022లో వచ్చిన బండి, ఆ స్టార్లు దీనికి అతికించకూడదు. రెండింట్లో ఇప్పుడు ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. మీరు ఏది కొన్నా పాపకి ఐసోఫిక్స్ (కారు సీటులోని కొక్కేలకి బిగించే) చైల్డ్ సీటు కొనండి. దయచేసి ఒళ్లో కూర్చోబెట్టుకుని హైవే ఎక్కకండి, వెనక కూర్చున్న అమ్మానాన్నల చేత కూడా బెల్టు పెట్టించండి. మా ఇంట్లో దీని మీద పెద్ద గొడవే అయింది, చివరికి మా అత్తగారే ఇప్పుడు అందరికీ గుర్తు చేస్తున్నారు.

గోదారిగట్టు:
ఎవరో ఒకరు నెక్సాన్ డీజిల్ తీసుకో అంటారు, ముందే చెప్తున్నా. 260 టార్క్, మైలేజీ, అన్నీ నిజమే. కానీ బీఎస్6 (ఇప్పటి కాలుష్య నిబంధనల) డీజిల్‌లో పొగ మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది, ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ ఓ ఇరవై నిమిషాలు ఆగకుండా మంచి వేగంతో పోవాలి. మా పాత డీజిల్ కారు ఊళ్లోనే తిరిగేది, రెండుసార్లు ఆ ఫిల్టర్ హెచ్చరిక లైటు వెలిగి నానా తిప్పలు పడ్డాను. నెలకి వెయ్యి కిలోమీటర్లు, అదీ ఎక్కువ శాతం ట్రాఫిక్‌లో, మీకు పెట్రోలే సరైనది.

హైవే65:
ఒక్కటి మర్చిపోయాను. టెస్ట్ డ్రైవ్ అంటే షోరూమ్ వాళ్లు ఖాళీ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పి తెస్తారు. అది వద్దు. సాయంత్రం ఆరున్నరకి బండి అడగండి, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మధ్యలో ఆపి మళ్లీ ఎక్కించండి. మీ ఆవిడ కూడా నడపాలి. వెనక సీట్లో అమ్మానాన్నల్ని పది నిమిషాలు కూర్చోబెట్టండి.

కోదాడవాసి:
అందరికీ థ్యాంక్స్. హైవే అన్న చెప్పినట్టే చేశాం. నాన్నా అమ్మా పోయిన వారం ఇక్కడికే వచ్చారు, రెండు బండ్లూ ఒకే సాయంత్రం తెప్పించుకున్నాం. నెక్సాన్ నాకు చాలా నచ్చింది, ఔటర్ మీద దాని ఊపే వేరు, డోరు వేస్తే వచ్చే ఆ బరువైన చప్పుడు విని నాన్న అప్పుడే ఖాయం చేసేశారు. కానీ మా సెల్లార్ ర్యాంప్ నిటారుగా ఉంటుంది, ఎక్కగానే ఎడమకి తిప్పాలి, అక్కడ ఏఎంటీతో మా ఆవిడ రెండుసార్లు టెన్షన్ పడింది. బ్రెజాలో మొదటిసారే మామూలుగా ఎక్కించేసింది. ఫోరమ్ మాల్ సిగ్నల్ దగ్గర అరగంట ఇరుక్కున్నాం, నా మోకాలికి తేడా అక్కడే తెలిసింది. అమ్మకి బ్రెజా వెనక సీటు ఎత్తుగా, లేవడానికి సులువుగా అనిపించింది.

నాన్నగారితో రెండు రోజులు మాట్లాడాను. బండి రోజూ నడిపేది మేమిద్దరం, 12 నెలల్లో 11 నెలలు ఈ ట్రాఫిక్‌లోనే అని చెప్తే, చైల్డ్ సీటు ముందు కొను, తర్వాతే బండి అన్నారు. సీటు నిన్న ఆర్డర్ పెట్టాను. బ్రెజా వీఎక్స్ఐ ఆటోమేటిక్‌కి శనివారం అడ్వాన్స్ కడుతున్నాం. డెలివరీకి ముందు బండి తయారైన నెల ఛాసిస్ నంబర్లో ఎలా చూడాలో తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి, కాగితం మీద రాసుకుని పట్టుకునే వెళ్తాను.