హైదరాబాద్‌లో కందిరీగల సర్వే: పసుపు గిన్నెల్లో పెద్దవి పడటం లేదు, ఎందుకు?

రాళ్లగుట్ట:
నమస్కారం అండి. హైదరాబాద్‌లో ఏ రకం కందిరీగలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఏడాది పాటు సర్వే చేయాలని అనుకుంటున్నాం. ఉన్నది ఇద్దరమే. గచ్చిబౌలి వైపు ఒక క్యాంపస్, ఒక చెరువు గట్టు, పాతబస్తీలో ఇళ్ల మధ్య ఒక చోటు, వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవి ఎంచుకున్నాం. పసుపు గిన్నెలు (సబ్బు నీళ్లు పోసి పురుగులు పడేలా పెట్టేవి), స్వీప్ నెట్ (గడ్డి మీద ఊపి పట్టే వల) ఉన్నాయి. గిన్నెల్లో నలకలంత పురుగులే పడుతున్నాయి. సన్‌షేడ్ల కింద గూళ్లు కట్టే పెద్ద కందిరీగలు ఒక్కటీ పడటం లేదు. లోపం గిన్నెలదా, పెట్టే చోటుదా? మలేజ్ ట్రాప్ (గుడారంలా నిలబెట్టే వల ఉచ్చు) కొనాలా? చివర్లో మ్యాప్ గీయాలంటే ఇప్పటి నుంచే ఏం రాసిపెట్టుకోవాలి?

పుట్టమన్ను:
లోపం ఏమీ లేదండి. పసుపు గిన్నెలో ఎక్కువగా పడేవి వేరే పురుగుల ఒంట్లోనో గుడ్లలోనో పెరిగే పరాన్నజీవి కందిరీగలే. బ్రాకోనిడే, సీలియోనిడే, ఎన్‌సిర్టిడే, మైమారిడే కుటుంబాలవి. వాటిలో ఒక మిల్లీమీటరు కూడా లేనివి ఉంటాయి. ఆ నలకల్ని పారబోయకండి, మీ జాబితాలో పెద్ద వాటా వాటిదే.

గిన్నె అంచు నేలకు సమంగా వచ్చేలా గుంత తీసి పెట్టండి. మూడింట రెండు వంతులు నీళ్లు, వాసన లేని గిన్నెల సబ్బు ద్రావణం రెండు మూడు చుక్కలు చాలు. సబ్బు వేసేది పురుగు నీటి మీద నిలబడకుండా మునగడానికి. నురగ వచ్చేంత వేస్తే నురగ మీదే ఆగి ఎగిరిపోతాయి. 48 గంటలు ఉంచేటట్టయితే లీటరుకు గుప్పెడు ఉప్పు కలపండి, కుళ్లడం తగ్గుతుంది. గిన్నెకీ గిన్నెకీ కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి. పైన గడ్డి వాలినా, చెట్టు నీడ పడినా పట్టు (దొరికే పురుగుల సంఖ్య) బాగా తగ్గిపోతుంది.

ఏప్రిల్, మే ఎండలకు నీళ్లు త్వరగా ఇంకిపోతాయి, మధ్యాహ్నం ఒకసారి పోసి రావాల్సిందే. వానాకాలంలో సమస్య తిరగబడుతుంది: ఒక్క జల్లుకు గిన్నె పొంగి పురుగులన్నీ కొట్టుకుపోతాయి. అంచుకు ఒక సెంటీమీటరు కింద రంధ్రం పెట్టి, లోపలి నుంచి పలచటి నైలాన్ గుడ్డ అతికించండి.

వడకట్టడానికి టీ జల్లెడ వాడొద్దు, మైమారిడే అంతా జారిపోతుంది. సన్నటి నేత గుడ్డ వాడి, మంచినీళ్లతో ఉప్పూ సబ్బూ కడిగి అప్పుడు ఆల్కహాల్‌లో వేయండి. ఆకారం చూసి గుర్తించడానికి 70 శాతం, డీఎన్‌ఏ కోసం 95 శాతం వేసి ఫ్రీజర్‌లో. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

చెరువుగట్టు:
పెద్దవాటికి గిన్నె కాదు, కళ్లు కావాలి. ఒక్కో చోట 500 మీటర్ల దారి గీసుకుని నెలనెలా అదే దారిన నడిచి గూళ్లు లెక్కపెట్టండి. సన్‌షేడ్లు, కిటికీ చట్రాలు, కాంపౌండ్ గోడల పగుళ్లు, బండరాళ్ల కింది అంచులు. కాగితం లాంటి తెరిచిన అరల గూడు అయితే రోపాలిడియా గానీ పోలిస్టెస్ గానీ అయి ఉంటుంది. పొట్ట మొదటి ఖండం సన్నటి కాడలా ఉండి రెండోది ఒక్కసారిగా గంటలా విచ్చుకుంటే రోపాలిడియా, మొదటి ఖండం నుంచే క్రమంగా వెడల్పైతే పోలిస్టెస్. రోపాలిడియా మార్జినేటా దక్షిణాదిలో ఏడాది పొడుగునా కొత్త గూళ్లు మొదలుపెడుతుంది కాబట్టి ఏ నెలనూ వదలొద్దు.

ఇంకా పెద్ద కందిరీగల్లో వెస్పా ట్రోపికా నల్లగా ఉండి పొట్ట ముందు భాగంలో వెడల్పాటి పసుపు పట్టీతో కనిపిస్తుంది. వెస్పా ఓరియెంటాలిస్ ఎర్ర గోధుమ రంగు, పసుపు మాత్రం పొట్ట మూడు, నాలుగు ఖండాల మీద, ముఖం మీద. రెండోది మాంసం దుకాణాలకూ పండ్ల బండ్లకూ వస్తుంది, పాతబస్తీలో అక్కడే చూడండి. ఈ రెండింటి గూళ్ల దగ్గరకు ఒంటరిగా వెళ్లొద్దు, గూడు కదపొద్దు. కుట్టాక ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం, కళ్లు తిరగడం మొదలైతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

మట్టి గూళ్లను మాత్రం ఇంటికి తెచ్చుకోండి. స్కెలిఫ్రాన్, డెల్టా అనే కందిరీగలు మట్టితో కట్టి మూత పెట్టిన గూళ్లను విడివిడిగా సీసాల్లో పెట్టి, పైన గుడ్డ కట్టి, తేదీ రాసి ఉంచితే కట్టిన కందిరీగే కాదు, దాన్ని తిని పెరిగిన స్టిల్‌బమ్ సయానురమ్ లాంటి మెరిసే నీలి ఆకుపచ్చ కందిరీగలు కూడా బయటికొస్తాయి. అలా వచ్చినదానికి ఏ గూటి నుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. నెట్‌తో పట్టినదానికి ఆ వివరం ఎప్పటికీ దొరకదు. మర్రి, రావి, మేడి కాయలనూ వదలకండి. మేడిపండు పొట్టలోని పురుగులు కందిరీగలే. బయటపడటానికి సిద్ధంగా ఉన్న కాయల్ని గుడ్డ కట్టిన సీసాలో ఉంచితే ఒకటి రెండు రోజుల్లో వస్తాయి. మర్రిలో పరాగసంపర్కం చేసేది యూప్రిస్టినా మసోని. దానితోపాటు పరాగం మోయని వేరే జాతులూ అదే కాయలోంచి వస్తాయి.

వెన్నముద్ద:
మ్యాప్ సంగతి చెబుతాను, చాలా సర్వేలు చెడేది అక్కడే. ఏం దొరికిందో ఒక్కటే రాస్తే మ్యాప్‌లో కనిపించేది కందిరీగలు ఉన్న చోట్లు కాదు, మనుషులు తిరిగిన చోట్లు. ఎన్ని గిన్నెలు, ఎన్ని గంటలు, ఎంతసేపు నెట్ ఊపారు, ఎండా మబ్బా, ఇవన్నీ ఏమీ దొరకని రోజు కూడా రాయాలి. సున్నా కూడా డేటానే. ఒక్కో చోటికి ఒకే సీజన్‌లో కనీసం మూడుసార్లు వెళ్తేనే, ఆ జాతి అక్కడ లేదా, ఉన్నా మన కంట పడలేదా అన్నది విడదీయగలం. ఫొటోలు వాట్సాప్‌లో పంపుకుంటే లొకేషన్ వివరం పోతుంది, అసలు ఫైళ్లు దాచండి.

వేర్వేరు పద్ధతుల పట్టును ఒకే సంఖ్యగా కలపొద్దు. గిన్నెలకు విడిగా, నెట్‌కు విడిగా లెక్క వేయండి. దొరకని జాతులు ఇంకా ఎన్ని మిగిలాయో చావో 1 అనే సూత్రంతో అంచనా కట్టొచ్చు: ఒక్కసారే దొరికిన జాతుల సంఖ్యను దానితోనే హెచ్చవేసి, రెండుసార్లు దొరికిన జాతుల సంఖ్యకు రెట్టింపుతో భాగించి, మొత్తానికి కలపాలి. 60 జాతులు దొరికి, 20 ఒక్కసారే, 10 రెండుసార్లు వస్తే 400ను 20తో భాగిస్తే 20. అంటే కనీసం 80 ఉన్నట్టు.

మీరు చెప్పిన నాలుగు చోట్లూ నాలుగు రకాలు. రకానికి ఒక్క చోటే ఉంటే, తేడా చెరువు వల్ల వచ్చిందో ఆ ఒక్క చెరువు వల్ల వచ్చిందో చెప్పలేరు. అనంతగిరిని తర్వాతి ఏడాదికి వాయిదా వేసి, నగరంలోనే రకానికి మూడు చోట్లు పెట్టుకోవడం మేలు. కేబీఆర్, మృగవని, హరిణ వనస్థలి నేషనల్ పార్కులు కాబట్టి పురుగును పట్టడానికి కూడా అటవీ శాఖ లిఖితపూర్వక అనుమతి కావాలి. అర్జీ ముందే పెట్టండి.

మలేజ్ ట్రాప్ ఒకటి చాలు, అదీ కాపలా ఉన్న క్యాంపస్‌లోనే. మధ్య గోడ పొదల అంచుకు అడ్డంగా, సీసా ఉన్న తల వెలుతురు వైపు, మన దగ్గర సాధారణంగా దక్షిణానికి. తాళ్లకు గ్రీజు రాయకపోతే చీమలు ఎక్కి పట్టునంతా తినేస్తాయి.

రాళ్లగుట్ట:
చాలా థ్యాంక్స్ అండి. చోట్లు మారుస్తాం. పేర్లు తేలని చిన్నవాటిని ఏం చేయాలి?

పుట్టమన్ను:
కుటుంబం వరకు గుర్తించి, సీలియోనిడే 1, సీలియోనిడే 2 అని నంబర్లు ఇవ్వండి. ఒక్కో నంబరుకు ఒక నమూనాను ప్రమాణంగా పక్కన పెట్టి, కొత్తది వచ్చినప్పుడల్లా దానితోనే పోల్చండి. మన దేశపు కందిరీగలు, తేనెటీగల మీద 1897లో వచ్చిన బింగ్‌హామ్ పుస్తకం పెద్దవాటికి ఇప్పటికీ పనికొస్తుంది కానీ పేర్లు పాతవి. అందులో ఇకారియా అన్నది ఇప్పటి రోపాలిడియా. ఏడాది చివర్లో నమూనాలను జువాలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకో, బెంగళూరులోని ఎన్‌బీఏఐఆర్‌కో (వ్యవసాయ కీటకాల జాతీయ సంస్థ) అప్పగించే మాట ముందే మాట్లాడుకోండి. అప్పటిదాకా పిన్ను గుచ్చిన పెట్టెల్లో నాఫ్తలీన్, సిలికా జెల్ రెండూ ఉంచండి. జులై, ఆగస్టు తేమకు బూజు పట్టిందంటే వెంట్రుకలు, రంగు రెండూ పోతాయి.